ఉత్తుత్తి ఊరు

ఉత్తుత్తి ఊళ్లో బామ్మ మళ్లీ పేచీ పెట్టింది.

సైనిక శిక్షణ కేంద్రం వెనక మైదానంలో ఉందా ఊరు. కాసిని సిమెంటు ఇళ్లు, ఒక బడి, ఒక బావి. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. బావిలో చుక్క నీరుండదు. కాబోయే ఆఫీసర్లకి పరీక్ష పెట్టే రోజుల్లో మాత్రం కూలికి వచ్చిన మనుషులు ఊరివాళ్లలా నటిస్తారు. ఒకడు దుకాణదారు, ఒకడు బడిపంతులు. బావి గట్టు మీద కూర్చునే పెద్దావిడ ఒక తల్లి.

ఆమెకి కుర్రాళ్లు పెట్టిన పేరు పేచీ బామ్మ.

మిగతావాళ్లు రాసిచ్చిన మాటలు అప్పజెప్పి ఊరుకునేవారు. ఈమె మాత్రం పూటకో మాట మాట్లాడేది. దానితో కుర్రాళ్లకి పెద్ద చిక్కొచ్చి పడింది.

ఎందుకంటే ఆ ఊరి జవాబులన్నీ పై బ్యాచి వాళ్లు కింది బ్యాచికి నోటిమాటగా అప్పగించి వెళ్లేవారు. పెద్దావిడని అమ్మా అనాలి, మంచినీళ్లు అడగాలి, మర్యాదగా దారి అడగాలి. బడి వెనక దారి మంచిదంటుంది. అటు నడవాలి. అంతే. నీళ్లు లేని ఊళ్లో మంచినీళ్లు అడగడమేమిటని ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ఏడు అన్నిట్లోనూ ముందున్న కుర్రాడిని స్నేహితులు ఫస్టు అని పిలిచేవారు. తండ్రి టైలరు. ఊళ్లో వాళ్ల బట్టలు కుట్టి కుట్టి కళ్లు పాడుచేసుకున్న మనిషి. చివరి పరీక్షలో మొదట వచ్చినవాడికి ఖడ్గం ఇస్తారు. అది పట్టుకుని తండ్రి ముందు నిలబడాలని ఫస్టుకి ఒకటే ఆశ.

పరీక్ష రోజు భోజనశాల గుమ్మం పక్కనున్న ఫొటో అద్దాన్ని తాకి మరీ బయల్దేరాడు. ఏనాడో ఖడ్గం గెలిచి, ఆ తర్వాత యుద్ధంలో పోయిన ఒక ఆఫీసరు ఫొటో అది. రోజూ అందరూ దానికి సెల్యూట్ కొడతారు. తాకితే కలిసొస్తుందని కుర్రాళ్ల నమ్మకం. పోయినవాడి ఫొటో తాకితే ఏం కలిసొస్తుందో వాళ్లకే తెలియాలి.

బామ్మ ముందు మోకాలి మీద కూర్చున్నాడు. అమ్మా అన్నాడు. నీళ్లు అడిగాడు. దారి అడిగాడు.

"బడి వెనక దారి నిన్నటిదాకా మంచిదే నాన్నా," అంది బామ్మ. "ఇవాళ సంగతి అడగవేం?"

ఫస్టు తడబడ్డాడు. పై బ్యాచి వాళ్లు ఈ మాట చెప్పలేదు. ముసలావిడ పాఠం మర్చిపోయిందనుకుని, తన వెంట వచ్చిన జట్టుని బడి వెనక్కే నడిపించాడు.

ఈల మోగింది. ఇవాళ ఆ దారిలో మందుపాతర ఉంది, జట్టంతా చచ్చిపోయినట్టే లెక్క అన్నాడు డ్రిల్లు మాస్టారు.

ఫస్టు ముఖం మాడిపోయింది. తిన్నగా పెద్దాఫీసరు గదికి వెళ్లాడు. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే జవాబు ఉండాలి కదా, ఆమె నోటికొచ్చినట్టు మాట్లాడితే మార్కులకి న్యాయమేముంది అని మొరపెట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరుకి ఆ మాట సబబుగానే తోచింది.

బామ్మని తీసేశారు.

వెళ్తూ వెళ్తూ ఆమె గేటు దగ్గర ఫస్టుకి ఎదురైంది. కోపగించుకోలేదు. ఒంగిపోయిన అతని కాలరు సర్దింది.

"ఎక్కడికెళ్లినా కొత్తగా అడుగు నాన్నా," అంది.

కూలి పోయిన ఉక్రోషం అనుకున్నాడు ఫస్టు.

బామ్మ చోట్లోకి వచ్చినావిడ చిలకలా అప్పజెప్పింది. మళ్లీ పెట్టిన పరీక్షలో ఫస్టు ఫస్టే వచ్చాడు. టైలరు ఆ ఖడ్గాన్ని ఒళ్లో పెట్టుకుని, కనబడీ కనబడని కళ్లతో తడిమి తడిమి చూసుకున్నాడు.

ఏడాది తిరక్కుండానే నిజం ఊరు ఎదురైంది.

అక్కడ బావిలో నీళ్లున్నాయి. గుమ్మంలో నిలబడ్డావిడని అమ్మా అన్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. మర్యాదగా దారి అడిగాడు.

"తోట పక్క దారి మంచిదే బాబూ. మా పిల్లలు ఆ దారినే బడికి పోతారు," అంది ఆమె.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ పొద్దు పిల్లలెవరూ బడికి పోలేదు. అందరూ ఇళ్ల గుమ్మాల్లోనే కూర్చుని ఉన్నారు. ఫస్టు వాళ్లని చూశాడు. ఎందుకని మాత్రం అడగలేదు.

ముందు నడిచిన సిపాయిలిద్దరూ తోట పక్కనే ఉండిపోయారు. పొద్దున్నే, బూటు లేసు ఊడింది సార్ అని అతన్ని హెచ్చరించినవాడు అందులో ఒకడు. ఫస్టు కుంటి కాలితో బయటపడ్డాడు.

కాలు చెడిన ఆఫీసరుకి పాఠాలు చెప్పే పనే మిగిలింది. పాత శిక్షణ కేంద్రానికే వేశారు. వచ్చీ రాగానే డ్రిల్లు మాస్టారిని వెతుక్కుంటూ వెళ్లాడు.

"బామ్మని మళ్లీ పిలిపించాలి మాస్టారూ. కాళ్లు పట్టుకునైనా నేనే తీసుకొస్తాను."

"ఆవిడ లేదు సార్. పోయిన వానాకాలంలో పోయింది."



తీసేశాక కూడా పరీక్షలప్పుడు వచ్చేదనీ, కంచె అవతల నిలబడి కుర్రాళ్లు ఏ దారి పడుతున్నారో చూసి తిరిగి వెళ్లిపోయేదనీ చెప్పాడు మాస్టారు.

"అంతలా ఇక్కడేముంది ఆవిడకి? నా అనేవాళ్లు లేరా?"

మాస్టారు భోజనశాల గుమ్మం దాకా నడిచాడు. ఫొటో అద్దం మీద కుర్రాళ్ల వేలిముద్రలు మరకలు కట్టి ఉన్నాయి. జేబురుమాలు తీసి వాటిని నెమ్మదిగా తుడిచాడు. తను బతికున్నంతకాలం ఎవరికీ చెప్పొద్దని ఆమె ఒట్టు వేయించుకుందన్నాడు.

ఉత్తుత్తి ఊరి జవాబులన్నీ పై బ్యాచి దగ్గర కంఠతా పట్టి, ఖడ్గం గెలుచుకుని, ఆ అద్దం వెనక నవ్వుతూ నిలబడ్డ ఆ ఆఫీసరు పేచీ బామ్మకి ఒక్కగానొక్క కొడుకు.