కంటి కొసన నెబ్యులా

“నా మొహం చూడ్డమే మీ అమ్మగారికి ఇష్టం లేదు. మాట్లాడినంతసేపూ దిక్కులు చూస్తారు. రేపు ఆవిడని మీ అక్కయ్యగారింట్లో దింపేసి రండి,” అంది భార్య.

“మెల్లగా! అమ్మ వస్తోంది,” అన్నాడతను, పెరట్లో టెలిస్కోపు సరిచేస్తూ.

అత్తగారు తలుపు పట్టుకుని మెట్టు దిగింది.

“రామ్మా, కొత్త నక్షత్రాలు పుట్టే నెబ్యులా చూద్దువుగాని. సూటిగా చూస్తే మాయమవుతుంది. చూపు కాస్త పక్కకి పెట్టాలి. నీ కోడలికి పావుగంట పట్టింది.”

ఆవిడ కన్ను ఆనించింది. “రెక్కలు చాచిన పిట్టలా ఉందిరా.”

“అబ్బో, అప్పుడే దొరికిందే!”

“అదేం కష్టం? నేనన్నీ అలాగేగా చూస్తాను,” అనేసి నాలిక్కరుచుకుంది.

“అన్నీ అంటే?”

ఆవిడ టెలిస్కోపు నుంచి కన్ను తీసింది. “సూటిగా చూస్తే మధ్యలో నల్లమచ్చ అడ్డొస్తోంది. చూపు పక్కకి తిప్పితేనే మనుషులు కనిపిస్తారు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“చెబితే నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారా?”

కోడలు వచ్చి ఆవిడకెదురుగా నిలబడింది.

అత్తగారు మొహం పక్కకి తిప్పుకుంది.

“ఎందుకే కళ్ళు తుడుచుకుంటున్నావు?” అంది.