సుద్దముక్క గీత

గురవయ్య పోయిన అయిదో రోజున, వచ్చి ట్రక్కు జాకీ విప్పి చూపించమని పెద్దమనుషులు యల్లమందకు కబురు పంపారు.

వెళ్ళక తప్పుతుందా? పది రోజుల కిందట ఆ ట్రాక్టరు ట్రక్కుకు హైడ్రాలిక్ జాకీ విప్పి నూనె కారకుండా ఆపే కొత్త రబ్బరు సీలు వేసింది అతనే. ఖాళీగా పైకెత్తి ఉన్న ఆ ట్రక్కే, కింద దూరి గ్రీజు కొడుతున్న గురవయ్య మీదకు దిగిపోయింది. రోడ్డుకు ఇవతల షెడ్డులో ఉండి, కేక విని అందరికంటే ముందు పరిగెత్తిందీ యల్లమందే. ఇప్పుడు జనం అది కూడా తప్పుగానే చెప్పుకుంటున్నారు. లోపల భయం లేకపోతే అంత పరుగు ఎందుకట?

బెల్లంకొండ చుట్టుపక్కల యల్లమంద పనికి ఒక పేరుంది. సీలు మార్చిన బండిని అదే రోజు ఇవ్వడు. ట్రక్కులో బరువేసి పైకెత్తి నిలబెడతాడు. జాకీ నోటి దగ్గర, రాడ్డు మీద సుద్దముక్కతో గీత గీస్తాడు. తెల్లారి చూస్తే ఆ గీత వెంట్రుకవాసి లోపలికి దిగినా సరే, మళ్ళీ మొదటికొచ్చి విప్పుతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. ఆగలేనివాళ్ళు తిట్టుకునేవాళ్ళు. తిట్టుకుంటూనే మళ్ళీ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. పాపం, ఆ గీత తప్ప అతను సంపాదించుకున్నది ఇంకేమీ లేదు.

కబురు తెచ్చిన మనిషిని బయట కూర్చోబెట్టి, యల్లమంద పాత సామాను డబ్బా నేల మీద కుమ్మరించాడు. చాలాసేపు ఏరి, ఒకటి తీసి లుంగీ మడతలో దోపుకున్నాడు. తర్వాత పానాల సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటాడు.

ట్రాక్టరు గురవయ్య పోయిన ఖాళీ స్థలంలోనే ఉంది. పెద్దమనిషి శేషగిరిరావుకు కుర్చీ వేశారు. గురవయ్య భార్య పార్వతమ్మ కాస్త అవతల నేల మీద కూర్చుని ఉంది. యల్లమందను చూడగానే ఆమె ఏడుపందుకుంది.

"అన్నం కూడా తినకుండా పోయాడు యల్లమందన్నా. గోంగూరంటే చానా ఇష్టం ఆయనకి. పొద్దున్నే లేచి నూరి, మూడు గిన్నెల క్యారేజీ వైరుసంచిలో పెట్టుకొచ్చా. ఆ క్యారేజీ ఏమయిందో కూడా తెలవదు."

యల్లమంద పానాల సంచి కింద పెట్టాడు.

శేషగిరిరావు గొంతు సవరించుకున్నాడు. "ఏం యల్లమందా, ఎత్తిన ట్రక్కు దానంతటదే దిగుద్దా? సీలన్నా తెగుండాలి, ట్రక్కు దించే లివరన్నా ఎవరో కదిలించుండాలి. అప్పుడు ఈడ ఎవరున్నారు?"

"నేనే వచ్చా బాబాయ్," అంది పార్వతమ్మ. "ఆయన ట్రక్కు కిందుండే, క్యారేజీ ఆడ పెట్టు, వస్తన్నా అన్నాడు. కుక్కలు ముట్టకుండా కాస్త ఎత్తునే తగిలించి, నీళ్ళకని బోరు కాడికి పోయా. తిరిగొచ్చేసరికి..."

"చెల్లెమ్మను ఎందుకయ్యా ఏడిపిస్తారు?" యల్లమంద గబగబా అడ్డొచ్చాడు. "జాకీ విప్పితే తెలిసిపోద్దిగా!"

జాకీ దించాడు. రాడ్డు బయటికి లాగాడు. సీలు ఊడదీసి, అటు తిరిగి లుంగీ అంచుతో నూనె తుడిచాడు. మళ్ళీ ఇటు తిరిగి అరచెయ్యి చాపాడు. అందులో ఉన్న నల్లటి రబ్బరు చుట్టు ఒకచోట బారున తెగి ఉంది.

చుట్టూ చేరిన జనంలో కలకలం రేగింది.

"గీత గీసి చూడలేదేంట్రా?" శేషగిరిరావుకు నమ్మబుద్ధి కాలేదు.

"లేదు. పని ఎక్కువుండి వదిలేశా. తప్పు నాదే."

అయిదు రోజులుగా ఎవరిని అనాలో తెలియక కుమిలిపోయిన పార్వతమ్మ ఒక్కసారిగా లేచింది. దోసెడు మట్టి తీసి అతని ముఖాన కొట్టింది.

"అన్నా అని పిలిచానే నిన్ను! నా ఇంటాయన్ని పొట్టనబెట్టుకున్నావు గదరా! నీ చేతులు పడిపోను!"

యల్లమంద కళ్ళు తుడుచుకోలేదు. ఆమె అలిసిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. ఒక్కొక్క తిట్టూ గుండెలో దిగుతూనే ఉంది.

"కేసులూ కోర్టులూ వద్దు," అన్నాడు చివరికి శేషగిరిరావు. "నువ్వు మాత్రం ఇక ఈ చుట్టుపక్కల పానా పట్టుకోమాక."

మర్నాడు షెడ్డు ఖాళీ చేస్తున్నారు. నరసరావుపేటలో బండ్లు కడిగే పని చూసుకున్నాడు యల్లమంద. భార్య సుబ్బమ్మ సామాను మూటకడుతూ ఉండబట్టలేక అడిగింది.

"నువ్వు గీత గియ్యకపోవడమేందయ్యా? ఆ తెల్లారుజామున టార్చి పట్టమని నన్ను లేపావుగా! గీత ఇసుమంత కూడా కదల్లేదని నవ్వావుగా!"

యల్లమంద పానాలు సంచిలో సర్దుతూనే ఉన్నాడు. సుబ్బమ్మ మూలనున్న నూనెగుడ్డల కుప్ప లాగింది. అడుగున ఒక వైరుసంచి, అందులో మూడు గిన్నెల క్యారేజీ. మూత తీస్తే బూజు పట్టిన గోంగూర వాసన కొట్టింది.

"ఇది పార్వతమ్మది కాదూ?" అంది సుబ్బమ్మ. "నీ దగ్గరికెట్లా వచ్చింది?"

యల్లమంద ఆమె చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని మూత పెట్టాడు.

ఆ రోజు కేక విని అందరికంటే ముందు అతను పరిగెత్తుకెళ్ళినప్పుడు, ఆ సంచి ట్రాక్టరు సీటు పక్కన హైడ్రాలిక్ లివరుకు వేలాడుతూ, తన బరువుతో దాన్ని పూర్తిగా కిందికి వంచేసి ఉంది.