సీసాలో పలుకులు

దవాఖానా సిస్టరమ్మ నీళ్ళు కలిపి ఇచ్చిన పొడిమందు ఏడు రోజులు తాపాలి. నాలుగో రోజుకే జ్వరం దిగి నాగక్క పిల్ల ఒళ్ళు చల్లబడింది. ఇప్పపువ్వు వానాకాలానికి దాచినట్టే, మిగిలిన మందును నాగక్క చూరులో దాచింది. నెల తిరిగేసరికి జ్వరం మళ్ళీ వచ్చింది.

చీకటి పడ్డాక సీసా దించి దీపం దగ్గర పెట్టింది. మందు అడుగున గాజుపుల్లల్లాంటి పలుకులు పెరిగి ఉన్నాయి. ఒక్కొక్కటి ఉలితో చెక్కినట్టు ఆరు పలకలతో ఉంది. పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా, ఎవరూ ముట్టకుండానే, అవి కిణ్‌మంటున్నాయి.

"పోయిన నెల మందంతా తాపినవానే?" అరుగు మీంచి అత్త అడిగింది.

"అవ్ అత్తా. సీసా గూడ పారేసిన."

"మరి గా చప్పుడేందే?"

"నా గాజులత్తా."

నిజం చెబితే అత్త తిట్టినా, ఈ క్షణమే బండి కట్టించి పిల్లను దవాఖానాకు తీసుకుపోతుంది. నాగక్కకు అది తెలుసు. కానీ మందు దాచానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టింది.

ఈసారి ఊపిరి వినబడలేదు, సీసా ఒక్కటే మోగింది.

ఆ మోత అత్తకు వినబడకుండా నాగక్క గాజులు గలగలలాడించింది.