పడమటి చెలక

నలభైతొమ్మిదిలో, చనిపోయిన మొగుడి వీలునామా చెల్లదని ఆండాలు మిర్యాలగూడ మున్సిఫ్ కోర్టులో దావా వేసింది. ఊరి పడమటి చెలక, ఆ మెట్టభూమంతా, తన తమ్ముడు జానయ్యకే చెందాలని మొగుడు ఆ వీలునామాలో రాయించాడు. అది పోతే ఆమెకు కూలే గతి.

ఆ ఊరి ఎండలో నల్లకోటు తొడిగిన వకీళ్లను చూస్తే నాకిప్పటికీ జాలే. ఆ సంగతి ఎత్తుకుంటే ఈ పోస్టుకార్డు చాలదు గాని, ఆండాలు వకీలు ఆమెకు ఒకటే పాఠం చెప్పాడు: "వీలునామా మీది వేలిముద్ర మా ఆయనది కాదను. దొంగముద్ర అను. గంతే."

బోనెక్కిన ఆండాలు కాగితాన్ని తేరిపార చూసింది.

"ముద్ర మా ఆయనదే సర్కార్. పక్కనే ఉండి సూసిన. అబద్ధమెందుకు?"

వకీలు నెత్తి పట్టుకున్నాడు. జానయ్య మీసం దువ్వాడు.

"విన్నరా సర్కార్! వదినె నోటితోనే దావా ఖతం."

"ఆగు మరిదీ, జర ఒక్క మాట చెప్పు. పొద్దుగాల నాగలి కట్టుకొని పోతుంటవు గద, యాడికి అని ఎవరన్న అడిగితే ఏమంటవ్?"

"ఏమంట? ఆండాలు చెలకకు అంట..."

కోర్టంతా నవ్వింది.

ఆండాలు నవ్వలేదు. "పెండ్లినాడు మా నాయిన పసుపుకుంకుమ కింద నాకిచ్చిన చెలక సర్కార్. కాగితం లేదు, ఊరి నోరుంది. వేలు మా ఆయనదే. భూమే ఎన్నడూ ఆయనది కాదు."