విస్తరణ అధికారి

భద్రాచలం బస్సులో వెంకటకృష్ణ బట్టీ పడుతున్నాడు.

"విస్తరణ అనగా వ్యాపింపజేయుట, వృద్ధి చేయుట, నలుదిశలా పరచుట."

వ్యవసాయ విస్తరణ అధికారిగా చేరి నెలైంది. రేపు మీటింగులో మొదటి ప్రసంగం. ఇవాళ అంతకంటే పెద్ద పని. అడవి అంచు తండాలో మోతీ అనే రైతు దగ్గర్నుంచి పదిహేడో నంబరు వంగడం తేవాలి. అది ఆ ఒక్కరి దగ్గరే మిగిలిందట. తేకపోతే ఉద్యోగం పర్మినెంటు కాదని పై అధికారి చెప్పేశాడు.

అది గింజో దుంపో మాత్రం వెంకటకృష్ణకు తెలీదు. ఫైల్లో నంబరే ఉంది. ఎవరినైనా అడిగితే చెబుతారు. అడిగితే ఇక ఆఫీసరెట్లా అవుతాడు? మోతీ అంటే కోరమీసాల పెద్ద రైతయి ఉంటాడని మాత్రం ఊహించుకున్నాడు.

"ఏంది బిడ్డా, మంత్రమా?" అంది పక్క సీట్లో ముసలమ్మ.

"నా ఉద్యోగం పెద్దమ్మా. విస్తరణ."

"అంటే?"

"జ్వరం ప్రబలుతుంది. పుకారు పాకుతుంది. తీగ అల్లుకుంటుంది. పంట విస్తరిస్తుంది. ఆ చివరిది మా డిపార్ట్‌మెంటు."

"మా దిక్కు గిన్ని మాటలు లెవ్వు. ఒకరి కాడ తెచ్చుకున్నది పండినంక ఇద్దరికి ఇయ్యాలె. గంతే."

"అది శాస్త్రీయం కాదు పెద్దమ్మా."

"అట్లనా," అంది ఆమె, ఏమాత్రం నొచ్చుకోకుండా.

అంతలో పై అధికారి ఫోన్. వెంకటకృష్ణ "సార్, సార్" అంటుండగానే ముసలమ్మ కొంగుముడి విప్పి, రెండు గుప్పిళ్ల ఎర్ర బొబ్బర్లు అతని ఖాళీ టిఫిన్ డబ్బాలో పోసింది. ఏదో చెప్పింది. చెవి దగ్గర ఫోనుంది, ఊరికే తల ఊపాడు.

ఆకలికి ఆగలేక తండాకు ఒక స్టేజి ముందే దిగి, రోడ్డు పక్క హోటల్లో దూరాడు.

"అన్నం ఇంకా కాలే సార్," అంది హోటలు నాగక్క.

"అయితే ఈ డబ్బాలోవి ఉడకబెట్టు."

కుక్కరు ఆరు విజిళ్లు వేసింది. ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసి నాగక్క గుడాలు పెట్టింది. తనూ నాలుగు నోట్లో వేసుకుంది.

"గింత రుచి బొబ్బర్లు ఈ నడుమ తినలే సార్. యాడ దొరికినయి?"

"బస్సులో," అన్నాడు వెంకటకృష్ణ, గిన్నె నాకుతూ.

కడుపు నిండాక నడుచుకుంటూ తండా చేరాడు. మొదటి ఇంటి అరుగు మీద తుల్సీరాం అనే ఆయన తాడు పేనుతున్నాడు.

"మోతీ గారంటే మీరేనా?"

"మా అమ్మ సార్. లోపల పండుకుంది. లేపాల్నా?"

"పదిహేడో నంబరు వంగడం కావాలి."

"నంబర్లు మాకేం తెలుసు సార్. ఎర్ర బొబ్బర్లే గదా?"

వెంకటకృష్ణ ఖాళీ టిఫిన్ డబ్బా మూత తీసి చూశాడు.

"ఇంట్లో ఒక్క గింజైనా..."

"ఒక్కటి లేదు. మీ ఆఫీసుల ఇద్దామని ఉన్నయన్ని కొంగుల కట్టుకొని పొద్దుగాల్నే ఖమ్మం పోయింది. అప్పటికి ఆఫీసు తెరవలేదంట. తిరుగు బస్సుల పక్క సీట్లనే విస్తరణ ఆఫీసరు కూసున్నడంట, ఆయన డబ్బాల వోసింది. ఇగ మన బొబ్బర్లు బతికినట్టే కొడకా అని చెప్పి, ఎన్నేండ్లకో ఇయ్యాల నిమ్మళంగ నిద్రవోయింది సార్."