చేతుల కొలత

లావుపాటి మనిషే అయి ఉంటుంది. తనకంటే లావు, తనకంటే పొడుగు, తనకంటే ధైర్యం కూడా. లేకపోతే ఇంకొకరి ఇంట్లో లోపలి బట్ట వదిలి వెళుతుందా? వదిలి వెళ్లిందా, అతనే దాచుకున్నాడా?

వాసంతి చేతిసంచిని పొట్టకు అదుముకుని దిల్‌సుఖ్‌నగర్ సందులో నడుస్తోంది. సకలజనుల సమ్మెతో బస్సులు లేవు. దుకాణాలవాళ్లు షట్టర్లు సగం దించి బేరాలు చేస్తున్నారు. ఊరేగింపు వస్తే ఆ సగం కూడా దించేస్తారు.

పొద్దున జాకెట్టు హుక్కు ఊడితే, సూదీదారం కోసం భర్త శ్రీధర్ ట్రంకుపెట్టె తెరిచింది. పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ఇంట్లో గుండీ ఊడినా, అంచు చిరిగినా అతనే కుడతాడు. సూదుల డబ్బా కింద, పాత పేపరులో చుట్టి, గోధుమరంగు బ్రా ఒకటి. తనది కాదు.

అప్పటి నుంచి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. సమ్మెతో అతని ఆఫీసు మూతపడింది. తను చైతన్యపురి కోచింగ్ సెంటర్లో రిసెప్షన్ దగ్గర కూర్చుని సాయంత్రం వచ్చేదాకా ఇల్లు అతనిదే. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోతున్నానంటాడు. పోతున్నాడో లేదో. ఇంత ఉక్కపోతలోనూ బనీను విప్పడు. మొన్న స్నానం చేసి వస్తుంటే వీపు మీద ఎర్రటి గీత కనిపించింది. అడిగితే, "లాఠీ దెబ్బ" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. గోళ్లు కూడా గీతలు పెడతాయి.

తుర్కయంజాల్‌లో అమ్మ దగ్గరికి పోదామని బట్టలు సర్దుకుంది. ఆ బట్టల సంచి గుమ్మం దగ్గరే ఉంది. కానీ ఆ మనిషి ఎంత ఉంటుందో తెలుసుకోకుండా పోవడం ఆమె వల్ల కాలేదు.

స్వర్ణలత లోపలిబట్టల దుకాణంలో అమ్మేదీ ఆడవాళ్లే, కొనేదీ ఆడవాళ్లే. మెడలో టేపు వేసుకున్న స్వర్ణలత, వాసంతి చేతిసంచిలోంచి తీసిన బ్రాను చూసి, వాసంతిని చూసింది.

"ఇది నీది గాదు."

"కాదక్కా. దీని మనిషి ఎంతుంటదో చెప్తవా?"

స్వర్ణలత దాన్ని ట్యూబులైటు కింద పరిచింది. "ముప్పై నాలుగు. బండి మీద కొన్నదే. సిగ్గుకు సైజు అడగరు, బండోడు చేతికొచ్చింది ఇస్తడు. చూడు, ఎలాస్టిక్ సచ్చిపోయింది. ఈమెకు నలభై కావాలె. చంకల కాడ చినిగింది, అంటే భుజాలు ఎడల్పు. కప్పులేమో ముడత గూడ పోలే. ఒళ్లున్నది గని ఎద తక్కువ."

"మంచిగుంటదా?" అడిగాక వాసంతికే సిగ్గేసింది.

"దీన్ని జూసి ముఖం చెప్పనీకె నేనేమన్న సోది చెప్తనా?" స్వర్ణలత నవ్వింది. నవ్వు ఆపి పట్టీని వేళ్ల మధ్య లాగింది. "ముఖం తెల్వది గని నొప్పి తెలుస్తది. ఇది ఒళ్లంత కోస్తది. అయినా ఇడువకుండ ఏసుకున్నది. పట్టీ సాలకుంటే గుడ్డముక్క అతుకు గూడ ఏసింది. కుట్టు సూడు, ఎంత సన్నగున్నదో."

వాసంతి చూసింది. అతుకు మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపింది. ఆ కుట్టు ఆమెకు తెలుసు. తన జాకెట్ల చంకల్లో, దిండు గలేబుల అంచుల్లో ఉన్న కుట్టే. కుట్టింది శ్రీధరే.

సందు చివర "జై తెలంగాణ" కేకలు లేచాయి. స్వర్ణలత పరుగున పోయి షట్టర్ దించింది. ఆ కేకలు ఇనుప రేకును అదరగొడుతూ వెళ్లిపోయేదాకా వాసంతి అలాగే నిలబడి ఉంది. ఆమె వేలు మాత్రం కుట్టు మీద ఆగకుండా తిరుగుతోంది.

"సరిగ్గ పట్టేదొకటి ఇయ్యి అక్కా."

"ఎవలికి?"

"దీని మనిషికే."

స్వర్ణలత ఆమెను ఎగాదిగా చూసింది. "తోల్కరా మరి. కొలవకుండ ఎట్లిస్త?"

"వచ్చే వీలు లేదు."

"అయితే కండ్లు మూస్కో. అక్కచెల్లెండ్లకు కొనేటోళ్లకు గిట్లనే కొలుస్త. అలుముకున్నట్టు చేతులు పెట్టు."

వాసంతి కళ్లు మూసుకుంది. చేతులు గాలిలో కాసేపు తడబడ్డాయి. దగ్గరకొచ్చి, దూరం జరిగి, ఒక చోట ఆగాయి. స్వర్ణలత ఆ చేతుల లోపలి నుంచి టేపు చుట్టింది.

"నలభై! నేను చెప్పలే?" మురిసిపోయింది. "పట్టీ కింద రెండు వేళ్లు దూరాలె. గంతే లెక్క. ఇగ కొయ్యదు."

సాయంత్రం శ్రీధర్ వచ్చేసరికి గుమ్మం దగ్గర సంచి అలాగే ఉంది. దాన్ని దాటి లోపలికి వచ్చాడు. తెరిచిన ట్రంకుపెట్టె, మంచం మీద పాత పేపరు, పక్కన కొత్త పొట్లం.

"వాసంతీ... అది..."

"ఎప్పటి సంది?"

"పెండ్లికి ముందు నుంచి. బంద్ చేద్దామనే అనుకున్న. నా తోని కాలే."

"లాఠీ దెబ్బ అంటివి గదా."

అతను తల వంచుకున్నాడు. "పోతవా?"

వాసంతి సంచి వైపు చూసింది. పొద్దుటి నుంచి కాళ్లు అటే లాగుతున్నాయి. ఆమె లేచి వీధి తలుపు గొళ్లెం పెట్టింది.

"అంగి ఇప్పు."

"ఏంది?"

"అంగి. బనీను గూడ."

అతను ఒక్కొక్క గుండీ విప్పాడు. ఆమె పొట్లం విప్పింది.

"అటు తిరుగు, హుక్కు నేను పెడ్త."