శిల్పకు మిగిలిన సమాధి

“మా, నాకు ఆనందం సమాధి వచ్చిండాది,” అంది శిల్ప, బడిసంచి మంచం మీద పడేసి.

బియ్యం చెరుగుతున్న ఓబులమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఏ ఆనందం?”

“మిషన్ సమాధుల తోటలో ఉండాది చూడు, ఆమె. మా సోషల్ సారు తొమ్మిదో తరగతికంతా ఒకొక్కరికి ఒకొక్క సమాధి పంచినాడు. వాళ్లు ఎవురు, ఎట్ల బతికినారని ఇంటోళ్లను అడిగి తెలుసుకోవల్ల. సమాధుల పండగనాడు ఆడ నిలబడి ఊరోళ్లకు చెప్పల్ల. ఆ తోట విలువ ఎవురికీ తెలీకుంటే గోడ పగలగొట్టి అంగళ్లు కట్టేస్తారంట.”

“పాత దొరలవి ఉండాయి గదా. వాటిల్లో ఒకటి తీసుకో.”

“దొరలను మగపిల్లోళ్లు ఎగరేసుకుని పోయినారు. కలరాతో పోయిన పాదిరిని సర్ఫరాజ్ గాడు ముందే పట్టేసినాడు. నాకు ఈమె మిగిలింది. చిన్న వయసులోనే కేసీ కాలవలో పడి సచ్చిపోయిందంట, పాపం.”

ఆనందం కాలువలో పడి చావలేదని ఓబులమ్మకు తెలుసు. ఆ సాయంత్రం గట్టు వెంబడి కొడవలి పట్టుకుని పరుగెత్తుతున్న గాబ్రియేలును ఆమె కళ్లారా చూసింది. గాబ్రియేలు ఆనందానికి సొంత అన్న. కులం కానివాడితో తిరుగుతున్న చెల్లెలిని నరుకుతానని నడివీధిలో నిలబడి అరిచినవాడు.

జరిగింది తెలిసిన మనిషి ఒకతి బతికి ఉందని అతను ఎరగడు. ఎరిగితే ఏం చేస్తాడోనని ఓబులమ్మ ఇన్నాళ్లూ కంటినిండా నిద్రపోలేదు.

అందుకే, లారీ షెడ్డు మైదుకూరుకు మారిందని మొగుడు చిన్న ఈరన్న చెప్పినప్పుడు, ఈ ఊరు మాత్రం వద్దని కాళ్లు పట్టుకుంది. “ఎప్పటి మాటో అది. ఇంగా పట్టుకోని యాలాడతాండావు,” అన్నాడతను. ఆలూరు నుంచి వచ్చిన నాటినుంచి ఆమె చర్చి వీధి తొక్కలేదు. ముఖానికి కొంగు అడ్డం లేకుండా గడప దాటలేదు.

“ఆనందం వాళ్లింటికి పోవద్దు,” అంది.

“పోయొచ్చినా గదా మా.”

ఓబులమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

“వాళ్లన్న ఒక్కడే ఉండాడు. శానా మర్యాద చేసినాడు. మురుకులు పెట్టినాడు. నీళ్లలో ఉబ్బిపోయిందని పెట్టె మూత తీయకుండానే పూడ్చినారంట. అది చెప్పేటప్పుడు నా మొగం దిక్కే చూస్తా ఉన్యాడు. నాకు ఎట్లనో అయింది.”

పెట్టె మూత ఎందుకు తీయలేదో ఓబులమ్మకు తెలుసు.

“నిన్ను ఏమడిగినాడు?”

“మీది ఏ ఊరు, మీ యమ్మ ఎవురు అని. ఇల్లు యాడ అన్యాడు.”

“చెప్పినావా?”

“చెప్పకేం? నీళ్లట్యాంకు కాడ, పచ్చ తలుపులు అన్యా. ఎందుకట్ల తలుపు దిక్కు చూస్తాండావు?”

ఓబులమ్మ తలుపు గడియ పెట్టింది. కిటికీ రెక్కలు మూసింది. ఈరన్నకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది.

“నువ్వు పెరటి దోవలో సర్ఫరాజ్ వాళ్లింటికి పో. నేను పిలిచేదాకా రావద్దు.”

శిల్ప నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

బయట మోపెడ్ ఆగింది.

“ఏమ్మా, ఇంట్లో ఎవురన్నా ఉండారా?”

వయసు మీద పడినా అదే గొంతు. ఓబులమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

“ఆయప్పే మా. ఇంగేదో చెప్పను వచ్చినట్టుండాడు,” అంటూ శిల్ప వెళ్లి గడియ తీసేసింది.

గాబ్రియేలు గుమ్మంలో నిలబడ్డాడు. తల నెరిసిపోయింది. చేతులు రెండూ వెనక్కి ఉన్నాయి.

ఓబులమ్మ కూతురిని వెనక్కి లాగి తాను అడ్డం నిలబడింది. ఆ విసురుకు కొంగు జారిపోయింది.

అతను ఆమె ముఖాన్నే చాలాసేపు చూశాడు.

“ఇన్నేండ్లూ నీ సమాధికి నేనే సున్నం కొడతా వచ్చినా గదా, ఆనందం,” అన్నాడు.